గోల్ఫ్‌లో క్లబ్ తిప్పే తీరు (స్వింగ్) మార్చుకోబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

నిన్న రాత్రి తొమ్మిదింటికి మీ అమ్మ ఫోన్ చేసింది. ఎలా ఉన్నావన్నయ్యా అని కూడా అడగలేదు. "నీ మేనకోడలు గోల్ఫ్ స్వింగ్ మొత్తం విప్పేసి మళ్ళీ మొదట్నించి నేర్చుకుంటుందట. ఆరు నెలలు పడుతుందట. కోచ్‌కి అడ్వాన్స్ కూడా ఇచ్చేసింది. ఉన్న స్వింగ్‌కి ఏం రోగమొచ్చింది? ఈ పిచ్చి అంటించింది నువ్వు, వదిలించాల్సింది కూడా నువ్వే" అని పెట్టేసింది. మీ అమ్మ దృష్టిలో గోల్ఫ్ అంటే ఆదివారం ఇంటిపని తప్పించుకోవడానికి నేను కనిపెట్టిన ఆట.

నేనేమీ వదిలించబోవడం లేదులే. నిజానికి లోపల గర్వంగానే ఉంది. నాలుగేళ్ళ కిందట క్లబ్ బంతికి తగిలితే చాలని గంతులేసిన పిల్లవి, ఇవాళ హ్యాండిక్యాప్‌ని, అంటే కోర్సు లెక్కకి మించి పడే దెబ్బల్ని, 18కి దించుకుని అది కూడా చాలదంటున్నావు. మొన్న దసరా సెలవుల్లో నన్ను రెండు స్ట్రోకులతో ఓడించి, దారి పొడవునా ఫోన్లో అందరికీ చెప్పుకుంటూ వచ్చావు కూడా. అయినా రాత్రి రెండింటిదాకా నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఈ ఉత్తరం చివరికొచ్చేసరికి నీకే తెలుస్తుంది.

మీ అమ్మకి టైగర్ వుడ్స్ కథ చెప్పావట. కథ నిజమే. 1997లో మాస్టర్స్ టోర్నమెంటుని 12 స్ట్రోకుల తేడాతో గెలిచినవాడు తన టేపులు చూసుకుని, ఈ స్వింగ్ ఎంతోకాలం నిలవదని కోచ్ బుచ్ హార్మన్ దగ్గర కూర్చుని మార్చుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఒక్క టోర్నమెంటే గెలిచాడు. 1999లో ఎనిమిది, 2000లో తొమ్మిది, ఆ తొమ్మిదిలో మూడు మేజర్లు, అంటే అన్నిటికంటే పెద్ద టోర్నమెంట్లు. నిక్ ఫాల్డో కూడా అంతే. కోచ్ డేవిడ్ లెడ్‌బెటర్ చేతిలో స్వింగ్ మొత్తం తిరగరాయించుకుని, 1987 బ్రిటిష్ ఓపెన్ చివరి రోజు పద్దెనిమిదికి పద్దెనిమిది హోల్సూ పార్, అంటే సరిగ్గా కోర్సు లెక్కకి, కొట్టి గెలిచాడు.

కానీ తల్లీ, వాళ్ళకి అదే ఉద్యోగం. పొద్దున్నించి సాయంత్రందాకా కొట్టడమే పని. నీకు సోమవారం తొమ్మిదింటికి మీటింగ్ ఉంటుంది, పిల్లాణ్ణి స్కూల్ బస్ ఎక్కించాలి, గచ్చిబౌలి ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చోవాలి. పైగా కథలో నీకు కావలసిన సగమే ఏరుకున్నావు. జిమ్ ఫ్యూరిక్ సంగతి చెప్పలేదేం మీ అమ్మకి? క్లబ్‌ని పైకెత్తి గాల్లో ఒక మెలిక తిప్పి దించుతాడు. చూసినవాళ్ళు నవ్వుకున్నారు. అతనికి కోచ్ వాళ్ళ నాన్నే, ఆయన ఆ మెలికని అలాగే ఉంచేశాడు. ఆ మెలికతోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండ్ 58 దెబ్బల్లో ముగించాడు. మన గోల్ఫర్ ఎస్.ఎస్.పి. చౌరాసియానే చూడు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గడ్డి చూసుకునే ఆయన కొడుకు. అక్కడ ఆడేవాళ్ళని చూసి చూసి నేర్చుకున్నాడు. 2016, 2017 వరసగా రెండేళ్ళు ఇండియన్ ఓపెన్ అతనిదే. ఏ పుస్తకంలోని స్వింగ్ అతనిది?

సరే, అసలు సంగతికి వస్తా. ఇది మీ అత్తయ్యకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2003. నాకు నలభై అయిదు. గోల్కొండ నయా ఖిలా కోర్సులో మా నలుగురి జట్టు ఆదివారం ఆరింటికల్లా మొదటి హోల్ ఆట మొదలుపెట్టే చోట ఉండేది. నేను, డాక్టరు గారు, ఇద్దరు బ్యాంకు వాళ్ళు. కోట గోడ మీద ఎండ పడేసరికి నాలుగు హోల్స్ అయ్యేవి. ఆట అయ్యాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, ఎవరు ఎక్కడ పొరపాటు చేశారో వాదన. నా హ్యాండిక్యాప్ 14. జబ్బు ఒక్కటే, స్లైస్. డ్రైవర్, అదే దూరం కొట్టే పొడుగు క్లబ్, పట్టుకుంటే బంతి కాస్త కుడికి బయల్దేరి, ఇంకా ఇంకా కుడికి వంగి పొదల్లో పడేది. ప్రతిసారీ అంతే.

ఆ రోజుల్లో ఆదివారం సాయంత్రాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కోసం తిరిగేవాణ్ణి. అక్కడ అమెరికా గోల్ఫ్ పత్రికల కట్ట దొరికింది. బంతి బయల్దేరే దిశ క్లబ్ వెళ్ళిన దారిని బట్టి, చివరికి వంగే దిశ క్లబ్ ఫేస్‌ని, అంటే బంతికి తగిలే ముఖాన్ని, బట్టి అని అందులో బొమ్మలతో సహా ఉంది. అప్పుడు దాదాపు అందరూ అదే నేర్పేవాళ్ళు. నేను ఇంజనీరుని కదా, గ్రాఫ్ పేపర్ తీశాను. నా బంతి కుడికి బయల్దేరుతోంది, కాబట్టి నా క్లబ్ దారి కుడికి పోతోంది, దాన్ని ఎడమకి తిప్పితే సరి. స్కేలు పెట్టి గీసి, గోడకి అంటించుకుని, స్వింగ్ మొత్తం విప్పేశాను. భుజాలు, నడుము, కాళ్ళ బరువు, దేన్నీ వదల్లేదు.

మా కేడీ ఒకడుండేవాడు. కోట లోపలి బస్తీ కుర్రాడు. నాలుగేళ్ళుగా నా బ్యాగు మోస్తూ నేను కొట్టిన ప్రతి బంతినీ వెతికి తెచ్చినవాడు. రెండో నెలలోనే చెప్పాడు, "సాబ్, రాస్తా ఠీక్ హై. హాథ్ గలత్ హై." దారి బాగానే ఉంది, చెయ్యే తప్పు. నా ఎడమ చేతి మీద వేలు పెట్టి చూపించాడు. పైనుంచి చూస్తే ఒక్క వేలిముడే కనిపిస్తోంది, రెండో మూడో కనపడాలి అని. నేను నవ్వాను. మరుసటి వారం మళ్ళీ చెప్పాడు. ఆ రోజు డాక్టరు గారు, మిగతావాళ్ళు పక్కనే ఉన్నారు. అప్పటికే రెండు బంతులు పోగొట్టుకుని ఉన్నాను. "నిన్ను బ్యాగు మొయ్యమన్నాను, పాఠాలు చెప్పమనలేదు" అన్నాను. అందరి ముందూ. వాడు ఏమీ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఏమీ చెప్పలేదు కూడా. బంతి ఎక్కడ పడిందో మాత్రం చూపించేవాడు.

నా స్లైస్ రెట్టింపయింది. ఎందుకవదు? క్లబ్ ఫేస్ ఎప్పటిలాగే కుడికి తెరుచుకుని ఉంది, దారిని మాత్రం పనిగట్టుకుని ఎడమకి మార్చాను. ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉంటే బంతి అంత వంగుతుంది. 14 ఉన్నవాణ్ణి 22కి పడ్డాను. సిగ్గేసింది. "నా స్వింగ్ రిపేరులో ఉంది, బాగయ్యాక వస్తాను" అని ఆదివారాలు మానేశాను. ఏడాదిన్నర, అమ్మలూ! ఒక్కణ్ణే వెళ్ళి ప్రాక్టీస్ రేంజ్‌లో కొట్టుకునేవాణ్ణి.

మళ్ళీ వెళ్ళేసరికి డాక్టరు గారి మోకాళ్ళు పోయాయి. ఆయన ఇక నడిచి ఆడలేదు. ఇప్పటికీ పండక్కి ఫోన్ చేస్తే మొదటి ప్రశ్న అదే, "అయిందా నీ రిపేరు?" కేడీ కుర్రాడు సౌదీలోని దమ్మామ్ వెళ్ళిపోయాడని చెప్పారు.

2015లో ఒక రేంజ్‌లో బంతినీ క్లబ్‌నీ కొలిచే రాడార్ మెషీన్ పెట్టిన కోచ్ నా చేత పది బంతులు కొట్టించి స్క్రీన్ చూపించాడు. బంతి బయల్దేరే దిశలో నాలుగింట మూడొంతుల పైనే క్లబ్ ఫేస్‌దట. ఆబిడ్స్ పత్రికల్లో ఉన్నది తలకిందులన్నమాట. "మీ పాత స్వింగ్ ఎలా ఉండేదో అలా కొట్టండి, ఎడమ చెయ్యి మాత్రం కొంచెం తిప్పి పట్టుకోండి" అన్నాడు. పదో, పన్నెండో బంతికి తిన్నగా వెళ్ళింది. కోచ్ చప్పట్లు కొట్టాడు. నాకు సంతోషం రాలేదు. పన్నెండేళ్ళ కిందట ఆ మాట నాకు ఉచితంగా చెప్పినవాడి ముఖం గుర్తొచ్చింది.

ఇంకొకటి గమనించు. పన్నెండేళ్ళ తర్వాత అడిగినా నా పాత స్వింగ్ పది నిమిషాల్లో వచ్చేసింది. అది ఎక్కడికీ పోదు. నల్లకుంట నుంచి మెహదీపట్నం ఇల్లు మారిన కొత్తలో నా స్కూటరు ఆఫీసు నుంచి బయల్దేరితే దానంతటదే నల్లకుంట వైపు తిరిగేది. అలసిపోయిన రోజున మరీను. నువ్వు కొత్తది ఎంత బాగా నేర్చుకున్నా, ముందు నీళ్ళు, వెనక నలుగురు చూస్తున్నవాళ్ళు ఉన్నప్పుడు చేతులు పాత ఇంటికే పోతాయి. పైనుంచి బంతి దాకా క్లబ్ దిగడానికి పట్టేది సెకనులో పావు వంతు. బంతికి తగిలి ఉండేది సెకనులో రెండువేలో వంతు. అందులో ఎవరు ఆలోచిస్తారు?

అందుకని ముందు నీ రోగం ఏమిటో తేల్చుకో. గ్రిప్ (క్లబ్ పట్టుకునే తీరు), నిలబడే తీరు, బంతి పెట్టే చోటు, ఈ మూడూ ఒక సాయంత్రం పని. ఫోన్ ఎదురుగా ఒకసారి, వెనకాల లైన్‌లో ఒకసారి పెట్టి వీడియో తీసుకో. రాడార్ ఉన్న చోట ఒక గంట కొట్టి, ఫేస్ ఎటు, దారి ఎటు అనే రెండు అంకెలు రాసుకో. ఆ తర్వాత అయిదు రౌండ్లు ఇప్పుడున్న స్వింగ్‌తోనే ఆడి, కార్డు మీద ఏ స్ట్రోక్ ఎక్కడ పోయిందో గుర్తు పెట్టు. నేను రౌండ్‌కి 90 దెబ్బలు కొట్టిన రోజుల్లో పట్లే, అంటే హోల్ దగ్గర గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బలే, 36, 37 ఉండేవి. గ్రీన్ మీద మూడేసి పట్లు కొడుతూ డ్రైవర్‌ని తిట్టుకోవడం మన ఇంటి జబ్బు. నువ్వు దసరాకి నన్ను ఓడించింది కూడా డ్రైవర్‌తో కాదు, పదిహేడో హోల్‌లో ఆ పొడుగు పట్‌తో. నాకు ఇంకా మంటగానే ఉంది.

ఒళ్ళు నొప్పెడుతుంటే మాత్రం మార్చుకోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. తప్పు ఎప్పుడూ ఒకే వైపు పోతుంటే ఒక్క వస్తువు మార్చుకో, ముందు గ్రిప్. మొత్తం విప్పడం, నన్నడిగితే, నీ స్థాయికి దండగ. ఇది నా భయం మాట్లాడుతోందని నువ్వనొచ్చు. అను, తప్పు లేదు. కోచ్‌ని కూడా అడుగు, "ఒక్కటే మార్చమంటే ఏది మారుస్తారు?" అని. వెంటనే జవాబు చెబితే మంచి కోచ్. ప్యాకేజీ గురించి మాట్లాడితే అడ్వాన్స్ పోతే పోయిందనుకో. ఆ డబ్బు నేనిస్తాను, మీ అమ్మకి చెప్పకు.

అన్నీ విని కూడా మొత్తం మార్చుకుంటానంటే, వానలు మొదలయ్యాక మొదలుపెట్టు. సంక్రాంతి దాకా స్కోరు రాయకు. మొదటి నెల సగం స్వింగులే, నెమ్మదిగా, ఎక్కువ భాగం బంతి లేకుండా. మే నెల మధ్యాహ్నం రేంజ్‌లో రెండు వందల బంతులు కొట్టానని నాకు ఫోటో పంపావు చూడు, అది చూసి నీకు రెండు దెబ్బలు వేయాలనిపించింది. నలభై డిగ్రీల ఎండ! పైగా కింద సిమెంటు, దాని మీద మ్యాట్. క్లబ్ కాస్త వెనక తగిలినా నేలలోకి దిగదు, ఆ అదురంతా మోచేతికి వస్తుంది. నువ్వు రోజంతా కీబోర్డు మీద ఉండేదానివి. మోచేయి లోపలి వైపు నొప్పి మొదలైతే నెలల తరబడి పోదు. బియ్యం డబ్బా ఎత్తలేవు, పిల్లాణ్ణి ఎత్తుకోలేవు. గడ్డి మీద కొట్టు. గడ్డి దొరక్కపోతే ఆ రోజు పటింగ్ చేసుకో.

ఇంకొకటి. రిపేరు పేరుతో మీ శనివారం జట్టుని వదలకు. 110 కొట్టినా వాళ్ళతోనే కొట్టు. మీరు నలుగురూ బౌల్డర్ హిల్స్ కోర్సులో దిగిన ఫోటో మీ అత్తయ్య ఫ్రిజ్ మీద అంటించింది. అందులో నువ్వు నవ్వినట్టు నీ పెళ్ళి ఫోటోల్లో కూడా నవ్వలేదు. మొన్న మాత్రం "అత్తయ్యా, ఈ నెల వెళ్ళట్లేదు, స్వింగ్ సరయ్యాక వెళ్తా" అన్నావట మీ అత్తయ్యతో. రాత్రి నిద్ర పట్టనిది ఆ మాటకే. డబ్బుకి కాదు.

ఈ శనివారం వెళ్ళు. ఆదివారం పొద్దున్న అయిదున్నరకి నేను మీ గేటు దగ్గర ఉంటాను, గోల్కొండ వెళ్దాం. కొత్త స్వింగ్ ఏదీ తేవద్దు, ఇప్పుడున్నదే తీసుకురా. ఈలోగా క్లబ్ పట్టుకుని, పైనుంచి కనిపించేలా నీ ఎడమ చేతి ఫోటో ఒకటి పంపు. ఎన్ని వేలిముడులు కనిపిస్తున్నాయో నేను చూస్తాను.

మీ
మామయ్య

ఆవకాయ సీసాలు రెండూ ఖాళీ అయ్యుంటాయి, కారులో పెట్టుకుని రమ్మంది మీ అత్తయ్య. మోచేయి ఇప్పటికే నొప్పిగా ఉంటే దాచకుండా చెప్పు.