నీ హీరో మనిషిలా కనబడాలంటే

అమ్మలూ,

నీ నవల మొదటి అధ్యాయం చదివాను. భాష బావుంది. కానీ హీరో మంచం దిగేలోపే వాళ్ళ తాతగారి ఆస్తి దగ్గర్నుంచి కాలేజీ ప్రేమ దాకా మొత్తం చెప్పేశావు, అయినా మనిషి మాత్రం కళ్ళకు కట్టలేదు. కొన్నాళ్ళు రాయడం ఆపి ఫ్రాంజ్ కాఫ్కా అనే రచయితని చదువు.

1915లో వచ్చిన ఆయన కథ ‘మెటమార్ఫసిస్’తో మొదలుపెట్టు. ఊళ్ళు తిరిగి బట్టలు అమ్మే గ్రెగర్ సామ్సా నిద్ర లేచేసరికి పురుగైపోయి ఉంటాడు. ఇంకొకరైతే అక్కడ ఏడుపులూ పెడబొబ్బలూ రాసేవారు. గ్రెగర్ గడియారం చూస్తాడు. నాలుగింటికి అలారం పెట్టుకుంటే ఆరున్నర అయిపోయింది, ఐదింటి రైలు వెళ్ళిపోయింది, తర్వాతది ఏడింటికి, బట్టల శాంపిళ్ళేమో ఇంకా సర్దుకోలేదు, ఆఫీసులో ఏమంటారో అని ఒకటే టెన్షన్. అమ్మానాన్నల అప్పు తీరేదాకా ఆ ఉద్యోగం వదల్లేడన్న సంగతి కూడా ఆ కంగారులోనే మనకు తెలిసిపోతుంది. ఇక వేరే పరిచయం దేనికి చెప్పు?

కాఫ్కాదే ఇంకో నవల ‘ద ట్రయల్’లో జోసెఫ్ కె. బ్యాంకులో పెద్ద ఆఫీసరు. ముప్ఫయ్యో పుట్టినరోజు పొద్దున్నే అరెస్టు చేయడానికి వస్తే, గుర్తింపు కాగితాల కోసం సొరుగులన్నీ వెతుకుతాడు. ముందు సైకిల్ లైసెన్సు దొరుకుతుంది. అదే చూపిద్దామా అనుకుని, మరీ చిన్న కాగితమనిపించి, జనన ధ్రువీకరణ పత్రం దొరికేదాకా వెతుకుతాడు. ముక్కూ మొహం ఎలా ఉంటాయో పెద్దగా చెప్పకపోయినా ఆ సైకిల్ లైసెన్సుతో మనిషి దొరికిపోయాడు.

కాఫ్కా 1908 నుంచి 1922 దాకా ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో పనిచేశాడు. కాగితం ముందు, అధికారి ముందు మనిషి ఎలా బిగుసుకుపోతాడో ఆయనకు అంత బాగా తెలియడానికి అదో కారణమని నా నమ్మకం. నువ్వు రోజూ బ్యాంకు కౌంటర్లో కూర్చునేదానివి, నీ హీరోని తీసుకెళ్ళి చిత్రకారుణ్ణి ఎందుకు చేశావు? నీకు తెలిసిన పనే ఇవ్వు.

ఇంకోటి. ‘మెటమార్ఫసిస్’ పుస్తకం అట్ట మీద ఆ పురుగు బొమ్మ వేయొద్దని, దూరం నుంచి కూడా చూపించొద్దని కాఫ్కా ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. పురుగు ఎలా ఉందో చూపించడం కన్నా తలుపు ఇవతల ఉన్న గ్రెగర్ ఇంట్లోవాళ్ళు ఏమైపోతున్నారో చూపించడమే ఆయనకు ముఖ్యం. కొడుకు సంపాదించినన్నాళ్ళూ కుర్చీలోంచి లేవడానికే ఆయాసపడిన తండ్రి, ఆ సంపాదన ఆగాక బంగారు గుండీల యూనిఫాం వేసుకుని నిటారుగా నిలబడి ఆపిల్ పళ్ళతో కొడుకునే కొడతాడు. ఒక పండు వీపులో దిగబడి అక్కడే ఉండిపోతుంది. నీ కథలో తండ్రి ఊరికే మంచివాడు. ఆయన్ని కూడా కొంచెం కదుపు.

‘ద క్యాసిల్’ అనే నవలని కాఫ్కా ‘నేను’ అంటూ మొదలుపెట్టి, కొంత రాశాక వెనక్కి వెళ్ళి అన్నిచోట్లా హీరో పేరు ‘కె.’ అని మార్చుకున్నాడు. నువ్వూ ఒక అధ్యాయం అలా మార్చి చూడు, ఎక్కడెక్కడ హీరోని వెనకేసుకొస్తున్నావో నీకే తెలుస్తుంది.

హీరో బాల్యం పేజీలు చించకు, నీ దగ్గరే దాచుకో. అవి లేకుండా అధ్యాయం మళ్ళీ రాసి పంపు, చదువుతాను.

మీ పెదనాన్న