పాతికేళ్లు వచ్చినా ఎవరికీ దగ్గర కాలేకపోతున్నాను... ఇది జబ్బా?

ప్రశ్న: నా వయసు 25. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీలో, బీటెక్ హాస్టల్లో ఉండి చదివాను. రెండేళ్లుగా హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. పనిలో ఇబ్బంది లేదు, నలుగురిలో ఉంటే నవ్వుతూనే ఉంటాను. కానీ మనసు విప్పి మాట్లాడే మనిషి ఒక్కరూ లేరు. ఆఫీసులో ఒక అమ్మాయి చనువుగా మాట్లాడుతుంటే మొదట సంతోషం వేసింది. తర్వాత ఆమె మెసేజ్ వస్తే చాలు భారంగా అనిపించి జవాబివ్వడం మానేశాను. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. రేపు భార్యతోనూ ఇలాగే ఉంటానేమోనని భయం. ఇది మానసిక వ్యాధా? మాత్రలు వాడాలా? - ఒక పాఠకుడు

జవాబు: మీరు రాసినంతవరకు చూస్తే దీన్ని వ్యాధి అనడానికి ఆధారం కనిపించడం లేదు. ఉద్యోగం సాగుతోంది, నలుగురిలో కలవగలుగుతున్నారు, అన్నింటికన్నా ముఖ్యంగా, దగ్గరితనం కావాలని కోరుకుంటున్నారు. అయితే నిద్ర, ఆకలి, ఉత్సాహం ఎలా ఉన్నాయో మీరు రాయలేదు కనుక ఆ సంగతి చివర్లో మళ్లీ ప్రస్తావిస్తాను.

మనోవిశ్లేషకుడు ఎరిక్ ఎరిక్సన్ 1950లో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా వివరించాడు. అందులో అయిదోది కౌమారం, అంటే నేనెవరిని, నాకేం కావాలి అని తేల్చుకునే కాలం. ఆరోది యౌవనారంభం, మరో మనిషికి నిజంగా దగ్గరయ్యే కాలం. అయిదోది కొంతైనా తేలకుండా ఆరోది సాఫీగా సాగదని ఆయన అభిప్రాయం. తన ఇష్టాయిష్టాలు తనకే స్పష్టంగా తెలియనివారికి ఎదుటి మనిషి దగ్గరవుతున్నకొద్దీ తన సొంతమైనదేదో చేజారిపోతున్నట్టు అనిపిస్తుంది, దాంతో తెలియకుండానే దూరం జరుగుతారు. మొదట సంతోషపెట్టిన మెసేజే ఆ తర్వాత మీకు బరువైపోవడానికి కారణం బహుశా ఇదే; ఆ అమ్మాయిలోనూ మీలోనూ లోపం వెతకనక్కర్లేదు.

మన దగ్గర ఈ అయిదో దశ ఎలా గడుస్తోందో చూడండి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే ఎంపీసీయా బైపీసీయా అన్నది ఇంట్లో పెద్దలు తేల్చేస్తారు, పిల్లవాడు తలూపుతాడు. వెతుకులాట లేకుండా ఇతరులు ఇచ్చిన దారినే తనదిగా స్వీకరించే ఈ స్థితిని జేమ్స్ మార్షియా అనే మనస్తత్వవేత్త 1966లోనే గుర్తించి, దాన్ని సొంత అన్వేషణ తర్వాత కుదిరే స్థిరత్వం నుంచి వేరుచేసి చూపాడు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇక రెసిడెన్షియల్ కాలేజీ సంగతి మీకు నేను చెప్పాలా? తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే రోజు, వారం వారం పరీక్ష, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి వరసలో నిలబడితే దొరికే నాలుగు నిమిషాలు. వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది మార్కులను బట్టి సెక్షన్లు మార్చే పద్ధతి. పక్కన కూర్చున్నవాడితో కాస్త స్నేహం కుదిరేలోపే వాడు పై సెక్షన్‌కో కింది సెక్షన్‌కో వెళ్లిపోతాడు, ఉన్నన్నాళ్లూ స్నేహితుడో పోటీదారో తేలడు. అలిగి మళ్లీ మాట కలపడం, ఒకరికి చెప్పుకుని ఏడవడం, ఇష్టం లేనిదాన్ని ఇష్టం లేదనడం లాంటివి పదహారు పదిహేడేళ్ల వయసులో స్నేహితుల మధ్యే అలవాటవుతాయి. ఆ రెండేళ్లూ మీరు లెక్కలు చేశారు. కనుక ఇప్పుడు మీలో కనిపిస్తున్నది చాలావరకు అభ్యాసం లేకపోవడమే.

18 నుంచి 25 ఏళ్ల మధ్య కాలాన్ని మనస్తత్వవేత్త జెఫ్రీ ఆర్నెట్ 2000 సంవత్సరంలో ఒక ప్రత్యేక దశగా ప్రతిపాదించాడు. కౌమారం దాటినా పూర్తిగా పెద్దరికం రాని, ఉద్యోగాన్నీ ప్రేమనూ అభిప్రాయాలనూ పరీక్షించి చూసుకునే కాలమది. అందరికీ ఆ అవకాశం దొరకదని, ఆయా సమాజాల పరిస్థితులను బట్టి ఉంటుందని కూడా ఆయనే అన్నాడు. మీ విషయంలో ఆ వెతుకులాట సొంత జీతం చేతికొచ్చాకే మొదలైంది, అది ఒక కొలిక్కి రాకముందే సంబంధాలు మొదలయ్యాయి. తల్లిదండ్రులను తప్పుపట్టి ప్రయోజనం లేదు. వారికి తెలిసిన క్రమం అదే.

ఇంకో మాట. సన్నిహిత బంధాల్లో కొందరు సహజంగానే దూరం పాటిస్తారు. సిండీ హజాన్, ఫిలిప్ షేవర్ 1987లో ప్రచురించిన పరిశోధనలో, అమెరికాలో ఒక పత్రిక ద్వారా ప్రశ్నలకు జవాబులిచ్చిన పాఠకుల్లో సుమారు నాలుగోవంతు మంది తమను ఈ కోవలోకే చేర్చుకున్నారు. అలాంటివారు ఎదుటివారి ఓపిక, నమ్మకం దొరికితే కాలక్రమంలో మారే అవకాశం ఉంది కనుక, ఇంటర్నెట్‌లో పది ప్రశ్నలకు టిక్కులు పెట్టి మీ మీద మీరే ముద్ర వేసుకోకండి.

ముందు మీకున్నవారితోనే మొదలుపెట్టండి. గదిలో ముగ్గురూ చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి మంచం మీద వారు పడుకునే హాస్టల్లోనైనా, టీ తాగడానికి పిలిస్తే వచ్చేవాడు ఒకడుంటాడు. మేనేజర్ అన్న మాటకు మనసు నొచ్చుకుందనో, ఇంటికి డబ్బు పంపే విషయంలో ఇబ్బందిగా ఉందనో ఒక చిన్న నిజం అతనితో చెప్పి చూడండి. జీవితమంతా ఒక్కసారే విప్పి చెప్పాల్సిన పని లేదు. ఎవరైనా దగ్గరవుతున్నప్పుడు ఆ భారం మళ్లీ వస్తే మౌనంగా తప్పుకోవడం కాకుండా, ‘ఇవాళ మాట్లాడే ఓపిక లేదు, రేపు చేస్తాను’ అని చెప్పి మర్నాడు తప్పకుండా చేయండి. ఆ సహోద్యోగికి కూడా, ఆమె తప్పేమీ లేదని, అప్పట్లో మీకే జవాబివ్వడం చేతకాలేదని ఒక్క ముక్క చెబితే మర్యాదగా ఉంటుంది, బదులు ఆశించకండి.

పెళ్లయితే అదే సర్దుకుంటుందని మీకు చాలామంది చెప్పి ఉంటారు. నేను ఆ మాటతో ఏకీభవించను. ఒంటరితనానికి మందుగా పెళ్లి చేసుకుంటే వచ్చే అమ్మాయి మీద మోయలేని బరువు పెట్టినట్టే. ఇంట్లో ‘ఇప్పుడే వద్దు’ అని మాత్రమే అంటే వాదన పెరుగుతుంది. ఏడాది గడువు కావాలనీ, ఎందుకు కావాలో కూడా నాన్నగారితో, అమ్మతో విడివిడిగా చెప్పండి. సంబంధం కుదిరితే పెళ్లిచూపుల్లో పెరట్లోనో డాబా మీదో మాట్లాడుకునే పది నిమిషాలతో సరిపెట్టకుండా, నిశ్చితార్థానికి ముందే నాలుగైదుసార్లు మాట్లాడే వీలు అడగండి. కొత్తవారితో మనసు కలవడానికి మీకు సమయం పడుతుందని ఆ అమ్మాయితో ముందే చెప్పడం ఇద్దరికీ మేలు.

ఇక మాత్రల సంగతి. ఒంటరితనానికీ, మొహమాటానికీ మాత్రలు లేవు. కానీ రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉండటం, ఏ పనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ మారిపోవడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. నలుగురిలో మాట్లాడాలంటే గుండెదడ, చెమటలు పట్టి మీటింగులే ఎగ్గొట్టే స్థితి నెలల తరబడి ఉంటే సోషల్ యాంగ్జయిటీ కావచ్చు. ఈ రెండింటికీ కౌన్సెలింగ్ పద్ధతులూ మందులూ బాగా పనిచేస్తాయి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం కూడా నీరసాన్నీ దిగులునూ తెస్తాయి కనుక ఒకసారి రక్తపరీక్ష చేయించుకోండి. మాట కలపడానికి వారాంతంలో మద్యం తప్పనిసరి అవుతుంటే ఆ విషయం డాక్టర్ దగ్గర దాచకండి. ఎవరో తనను గమనిస్తున్నారన్న అనుమానాలు, లేని మాటలు వినిపించడం, చనిపోవాలన్న ఆలోచనలు ఉంటే ఒక్కరోజు కూడా ఆగకుండా మానసిక వైద్యుణ్ని కలవాలి. వెంటనే వెళ్లే వీలు లేకపోతే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఇవేవీ లేకపోతే క్లినికల్ సైకాలజిస్ట్‌తో కొన్ని విడతలు మాట్లాడటం సరిపోతుంది, మాత్రలు అక్కర్లేదు.