రాత్రంతా ఆ బొమ్మ కార్లతోనే... మావారిని ఎలా మార్చుకోవాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్, మియాపూర్. పెళ్లయి 7 ఏళ్లు. బాబుకి 5 ఏళ్లు, ఇప్పుడు నాకు ఐదో నెల. మావారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులేసి చిన్న చిన్న కార్లు తయారుచేయడం ఆయన హాబీ. ఏడాది కిందట ఆఫీసులో టీమ్ మారినప్పటి నుంచి ఇది మరీ ఎక్కువైంది. రాత్రి భోజనం అవగానే చిన్న గదిలోకి వెళ్లి తలుపేసుకుంటారు. ఒంటిగంటకు గానీ బయటికి రారు. ఇల్లంతా థిన్నర్ వాసన. ఒక్కో కిట్ మూడు నాలుగు వేలు. మంచం కింద విప్పని పెట్టెలే 20 ఉన్నాయి. మొన్న బాబు ఒక కారు పట్టుకుంటే దాని సైడ్ మిర్రర్ విరిగింది. వాడి వీపు మీద గట్టిగా కొట్టారు. అత్తగారేమో 'తాగుడు లేదు, పేకాట లేదు, ఇందులో తప్పేముంది' అంటారు. మా అమ్మేమో 'ఈ వయసులో బొమ్మలాటేంటి' అంటుంది. ఆయన ఆఫీసుకు వెళ్లినప్పుడు అన్నీ మూటగట్టి ఎవరికైనా ఇచ్చేయాలనిపిస్తోంది. ఏం చేయమంటారు? – ఓ సోదరి

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ వాసన సంగతి ఈ రోజే తేలాలి.

ఈ పనిలో వాడే, ఘాటు వాసన వచ్చే లాకర్ (lacquer) రంగుల్లో, వాటిని పలుచన చేసే థిన్నర్లలో రకాన్ని బట్టి టోలుయీన్, జైలీన్, అసిటోన్ లాంటి ద్రావకాలు ఉంటాయి. కడుపుతో ఉన్న మనిషి ఆ ఆవిరిని రోజూ పీల్చకూడదు. ఇన్నాళ్లూ పీల్చాను, బిడ్డకేమైపోయిందో అని మాత్రం బెంగ పెట్టుకోకండి. వాసన తగిలినంత మాత్రాన ప్రమాదం జరిగిపోయినట్టు కాదు. అయితే ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు మీ డాక్టరుకు విషయం తప్పకుండా చెప్పండి. ఆ డబ్బాల మీది లేబుళ్లు ఫొటో తీసి చూపించండి.

కిటికీ తెరిచే ఉంచుతున్నా కదా, మాస్కు పెట్టుకుంటున్నా కదా అని మీవారు అనొచ్చు. ఎన్95 మాస్కు రంగు తుంపరలను చాలావరకు ఆపుతుంది, ద్రావకం ఆవిరిని ఆపలేదు. దానికి యాక్టివేటెడ్ కార్బన్ ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ కావాలి. అది పెట్టుకున్నా కాపాడేది ఆయన్నే, పక్క గదిలో పడుకున్న మిమ్మల్నీ బాబునీ కాదు. పైగా ఆ ఆవిరికి ఇట్టే నిప్పంటుకుంటుంది. ఫ్లాట్లలో దేవుడి దీపం, అగరుబత్తి, వంటింటి స్టవ్ అన్నీ నాలుగడుగుల దూరంలోనే ఉంటాయి. కాబట్టి ప్రసవమై, పసిబిడ్డ కాస్త పెద్దయ్యేదాకా ఇంట్లో లాకర్ స్ప్రే వద్దని గట్టిగా చెప్పండి. ఇందులో బేరం లేదు. థిన్నర్, జిగురు, బ్లేడ్లు బాబుకి అందని చోట తాళం వేసి ఉండాలి. అలాగని ఆయన చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. నీళ్లతో కలిపే అక్రిలిక్ రంగులు కుంచెతో వేసుకోవచ్చు. కారు బాడీకి స్ప్రే తప్పదనుకుంటే ఆ ఒక్క పనీ ఇంటికి దూరంగా, గాలి బాగా ఆడే చోట చేసుకోవచ్చు, లేదా కొన్ని నెలలు ఆపుకోవచ్చు. ఆయన దగ్గరున్న 20 పెట్టెల్లో స్ప్రే అవసరం లేని పని బోలెడు ఉంటుంది.

ఆ పని ఏమిటో మీకు తెలియడం అవసరం. ఆయన్ని మెచ్చుకోవడానికి కాదు, ఆయనతో సరిగ్గా మాట్లాడటానికి. ఈ కిట్లలో ఎక్కువగా కనిపించే కొలత 1:24. అంటే నిజం కారులో 24 సెంటీమీటర్లు ఇక్కడ ఒక సెంటీమీటరు. నాలుగున్నర మీటర్ల కారు 19 సెంటీమీటర్లలో ఒదిగిపోతుంది. పెట్టెలో ముక్కలు ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ఉంటాయి. వాటిని కట్టర్‌తో ఒక్కొక్కటిగా కత్తిరించాలి, అచ్చు పోసినప్పుడు పడ్డ గీతల్ని ఉప్పుకాగితంతో నున్నగా చేయాలి, సబ్బు నీళ్లతో కడగాలి. తర్వాత ప్రైమర్, రంగు, నీళ్లలో నానబెట్టి అతికించే పలుచని బొమ్మల స్టిక్కర్లు (డెకాల్స్), వాటిపైన రంగులేని పూత (క్లియర్ కోట్). డీటెయిలింగ్ మీద మోజున్నవాళ్లు ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ వైర్లు పెడతారు, సీటు బెల్టులకు బకిల్స్ తగిలిస్తారు, తలుపుల సందుల్లో పలుచని నల్ల రంగు పారిస్తారు.

మీ అమ్మగారి మాటకు ఇక్కడే ఒక జవాబు చెప్పాలి. జపాన్‌లో ఇలాంటి కిట్లు తయారుచేసే తామియా కంపెనీ ఉన్న షిజువోకా నగరంలో ఏటా మే నెలలో హాబీ షో జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి మోడలర్ల క్లబ్బులు తమ చేతిపనిని అక్కడికి తెచ్చి బల్లల మీద ప్రదర్శిస్తాయి. తలనెరిసినవాళ్లు వాటి ముందు వంగి రంగు ఎలా వేశారో అడిగి తెలుసుకుంటారు. ఇది పెద్దవాళ్లు గౌరవంగా చేసుకునే చేతిపని. 'బొమ్మలాట' అన్న మాట ఇంట్లో ఇక వినిపించకూడదు. ఆ మాట పడిన మనిషి తలుపు ఇంకా బిగించుకుంటాడు.

అలాగని మీ అత్తగారి మాట కూడా చాలదు. తాగుడు కాదు కాబట్టి భార్య సర్దుకుపోవాలనడం న్యాయం కాదు. కడుపుతో ఉండి, అయిదేళ్ల పిల్లాడిని ఒక్కతే పడుకోబెడుతూ, రాత్రి ఒంటిగంట దాకా తలుపు తెరుచుకోవడం కోసం చూస్తున్న మనిషికి ఆ గదిలో ఉన్నది సీసానా, కారా అన్నది పెద్ద తేడా కాదు.

ఇక టైమ్ సంగతి. మీకు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. ఈ హాబీలో చేతితో చేసే పని కంటే ఆరడం కోసం ఆగే సమయమే ఎక్కువ. వడియాలు పెట్టి ఎండకు వదిలేసినట్టే. రంగు కోటు వేశాక ఆగాలి, డెకాల్ అతికించాక ఆగాలి, క్లియర్ కోట్ వేశాక పాలిష్ పట్టడానికి రోజుల తరబడి ఆగడమే మంచిది. తొందరపడి పట్టుకుంటే వేలిముద్ర పడి మొత్తం పాడవుతుంది. ఈ విషయం మీకంటే ఆయనకే బాగా తెలుసు. అందుకే రోజూ మూడు గంటలు తలుపేసుకుని కూర్చోవాల్సిన అవసరం ఈ పనికి లేదు. అంతసేపు ఆయన కూర్చుంటున్నారంటే అది కారు కోరుతున్నది కాదు, ఆయన మనసు కోరుతున్నది.

పైగా అన్ని పనులకూ ఏకాంతం అక్కర్లేదు. స్ప్రే చేసేటప్పుడు, డెకాల్ జరిపేటప్పుడు మధ్యలో పిలవకూడదు, నిజమే. అవి కాసేపట్లో అయిపోతాయి. ముక్కలు కత్తిరించడం, గీతలు అరగదీయడం, సీట్లకు కుంచెతో రంగు వేయడం హాల్లో మీ పక్కన కూర్చుని, మాట్లాడుతూ చేసుకోవచ్చు. వారంలో రెండు రాత్రులు, ఆదివారం ఉదయం ఆయనవి. ఆ వేళల్లో మీరు పిలవరు, సణగరు. మిగతా రాత్రులు పదింటికి దీపం ఆర్పాల్సిందే. ఇలా అడిగితే, పని లోతు తెలిసి అడుగుతున్నారని ఆయనకు అర్థమవుతుంది. 'ఎప్పుడూ అవేనా' అంటే మాత్రం అర్థం కాదు.

మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. 'ఆఫీసులో టీమ్ మారినప్పటి నుంచి' అని రాశారు. కొత్త మేనేజరా, ఉద్యోగం పోతుందన్న భయమా, తనకంటే చిన్నవాళ్ల ముందు తగ్గాల్సి వస్తోందా? మీకు చెప్పారా? పగలంతా తన చేతిలో ఏదీ లేదనిపించే మనిషికి, రాత్రి ఎనిమిది మిల్లీమీటర్ల అద్దం తను అనుకున్న చోట అనుకున్నట్టు అతుక్కోవడం ఎంతో ఊరట. ఆ ఊరటను తప్పు పట్టకండి. కానీ ఆ టెన్షన్ గురించి మీతో ఒక్క మాటా లేకుండా గదిలోకే వెళ్తుంటే మాత్రం అడగాల్సిందే. కార్ల గురించి గొడవ పడుతున్నప్పుడు అడగకండి. బాబు పడుకున్నాక, ఆయన ఇంకా గదిలోకి వెళ్లకముందు, 'ఏవండీ, ఆఫీసులో ఎలా ఉంది?' అని అడిగి, ఆయన చెప్పేదాకా మీరు నోరు విప్పకుండా ఉండండి. మొదటిరోజు 'ఏముంది, మామూలే' అంటారు. రెండు రోజులాగి మళ్లీ అడగండి.

పెట్టెల విషయానికొస్తే, విప్పని కిట్లు దాచుకోవడం ఈ హాబీ ఉన్న దేశాలన్నిటిలో ఉన్నదే. 'స్టాష్' అంటారు. కంపెనీ ఒక కిట్ చేయడం ఆపేస్తే మళ్లీ దొరకడానికి ఏళ్లు పట్టొచ్చు, అందుకే కనిపించినప్పుడే కొనేస్తారు. మనకైతే చాలావరకు దిగుమతి సరుకే కాబట్టి సుంకం, కొరియర్ అదనం. అయినా లెక్క లెక్కే. ఒక కారుకి నెలన్నర అనుకున్నా, 20 పెట్టెలంటే రెండున్నరేళ్ల పని ఇప్పటికే మంచం కింద ఉంది. ఈ ఏడాదిలో ఎన్ని కొన్నారు, ఎన్ని పూర్తయి అద్దాల బీరువాలోకి వచ్చాయి, ఇద్దరూ కూర్చుని రాయండి. పూర్తయినవి బాగానే ఉంటే అది హాబీ. పెట్టెలే పెరుగుతూ కార్లు పెరగకపోతే, ఆయన కొనడంలోనే టెన్షన్ తీర్చుకుంటున్నారని నా అనుమానం. ప్రసవం ఖర్చు ముందుంది కనుక అప్పటిదాకా కొత్త కిట్ వద్దనండి. ఆ తర్వాత రెండు పూర్తయితే ఒకటి. నెలకింత అని ఒక మొత్తం ఆయన ఇష్టానికి పెట్టుకున్నప్పుడు, అంతే మొత్తం మీ ఇష్టానికీ పక్కన పెట్టాలి. దాంతో మీరేం చేస్తారో ఆయన అడగకూడదు.

బాబుని కొట్టడం గురించి నేను మెత్తగా మాట్లాడలేను. అయిదేళ్ల పిల్లాడికి కారు కనిపిస్తే పట్టుకుంటాడు. అది వాడి తప్పు కాదు, వాడికి అందే ఎత్తులో పెట్టిన పెద్దవాళ్లది. విరిగిన అద్దాన్ని మళ్లీ అతికించుకోవచ్చు. నాన్నకి నాకంటే కారే ఎక్కువని వాడు ఒకసారి అనుకుంటే ఆ మాట వాడి మనసులోంచి తీయడం కష్టం. మీవారు వాడిని దగ్గర కూర్చోబెట్టుకుని 'కొట్టడం నాదే తప్పు నాన్నా' అని స్వయంగా చెప్పాలి. మీరు చెప్పించినట్టు ఉండకూడదు. ఇలాంటిది మళ్లీ జరిగితే, లేదా చిన్న విషయాలకే చెయ్యి లేస్తుంటే, అది హాబీ సమస్య కాదని గుర్తించండి. అప్పుడు నాకు ఉత్తరం రాసి ఆగకండి, కౌన్సెలర్‌ని కలవండి.

బాబుకి కూడా అందులో కాస్త చోటివ్వొచ్చు. జిగురు, రంగు అక్కర్లేకుండా నొక్కితే బిగుసుకునే స్నాప్ కిట్లున్నాయి. వాటి మీద సాధారణంగా ఇంకాస్త పెద్ద పిల్లల వయసు రాసి ఉంటుంది కాబట్టి, కత్తిరించే పని నాన్న చేసి, నొక్కి బిగించే పని వాడికివ్వాలి. చక్రాలు తిరుగుతుంటే చాలు వాడికి. ఆ ఒక్క కారు వాడిది. కింద పడినా విరిగినా ఎవరూ ఏమీ అనకూడదు.

ఆయన లేనప్పుడు అన్నీ ఎవరికైనా ఇచ్చేయాలన్న ఆలోచన మాత్రం వదిలేయండి. మీ కోపం నాకు తెలుస్తోంది. కానీ ఆ పని చేస్తే ఇప్పటిదాకా మీ వైపున్న న్యాయమంతా అటు వెళ్లిపోతుంది. అవి కేవలం డబ్బు కాదు, ఆయన చేతిపని. పూర్తయిన కారును ముట్టకండి, పెట్టెలూ కదపకండి. మీకున్న అభ్యంతరాలు ఎదురుగా చెప్పండి. అది కూడా ఒకేసారి అన్నీ కాదు. ఈ రోజు థిన్నర్ గురించి, అది తేలాక బాబు గురించి, ఆ తర్వాతే రాత్రులు, డబ్బు.

థిన్నర్ విషయంలోనే 'నువ్వు అతి చేస్తున్నావ్' అని కొట్టిపారేస్తే, తర్వాతి చెకప్‌కి ఆయన్నీ వెంట తీసుకెళ్లండి. డాక్టరు నోటితో వింటే వేరుగా ఉంటుంది. ఆఫీసు టెన్షన్ వల్ల నిద్ర పట్టడం లేదని, దేని మీదా మనసు నిలవడం లేదని ఆయన ఒప్పుకుంటే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయమనండి. మానసిక సమస్యలకు కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ సేవ అది, తెలుగులో మాట్లాడతారు. ఆయన మొహమాటపడితే మొదటి ఫోన్ మీరే చేయొచ్చు.