పాత స్టీల్ టూరింగ్ ఫ్రేమ్ కొనబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాత స్టీల్ టూరింగ్ ఫ్రేమ్ ఒకటి కొని నీకు నచ్చినట్టు కట్టుకోవాలనుందని రాశావు. ఒకసారి బ్యాగులు తగిలించుకుని దూరాలు పోవడానికి, ఇంకోసారి రోజువారీ పనులకి, అప్పుడప్పుడు మట్టిదారుల మీదికి, అన్నిటికీ అదే ఫ్రేమ్ పనికిరావాలన్నావు. చాలా సంతోషం. అయితే నీ ఉత్తరంలో సగం గొట్టాల కంపెనీల పేర్లే ఉన్నాయి. రేనాల్డ్స్ 531 మంచిదా, కొలంబస్ మంచిదా, టాంగే మంచిదా అని. నా మాట విను, గొట్టం రకం చెప్పే స్టిక్కర్ అన్నిటికంటే చివర్లో చూడు. ముందు టైరుకి ఎంత చోటుందో చూడు. తర్వాత ఫ్రేమ్ తిన్నగా ఉందా అని చూడు. ఆ తర్వాత మరలు. ఈ మూడూ సరిగ్గా ఉంటే స్టిక్కర్ ఊడిపోయిన ఫ్రేమ్ అయినా నిశ్చింతగా కొనుక్కో.

టైరు చోటు గురించి ఎందుకింత పట్టుదల అంటే, ఫ్రేమ్ మీద మిగతావన్నీ మార్చుకోవచ్చు. చక్రాలు, గేర్లు, హ్యాండిల్, సీటు, రంగు, ఏదైనా సరే. పెడళ్ల దగ్గర్నుంచి వెనక చక్రం వైపు వెళ్లే రెండు సన్న గొట్టాల మధ్య ఖాళీ మాత్రం ఎంతుంటే అంతే. రేసు ఫ్రేముల్లో 25, మహా అయితే 28 మిల్లీమీటర్ల టైరు పడుతుంది. అసలైన టూరింగ్ ఫ్రేమ్‌లో మడ్‌గార్డు వేసినా 32 నుంచి 35 దాకా పడుతుంది. టేపు తీసుకెళ్లు. టైరు వెడల్పు ఎక్కువగా ఉండే చోట గొట్టాల మధ్య దూరం కొలువు. టైరుకి రెండు వైపులా కనీసం నాలుగైదు మిల్లీమీటర్లు మిగలాలి. ఫోర్క్ పైభాగం కింద, వెనక పైన ఉండే అడ్డుకడ్డీ కింద కూడా చూడు. చాలామంది వెనక గొట్టాలు కొలిచి, ఫోర్క్ మర్చిపోతారు.

అదే చేత్తో ఆ వెనక గొట్టాల పొడవు కూడా కొలిచేసెయ్. పెడళ్ల ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు దాకా 43 నుంచి 46 సెంటీమీటర్లుంటే అది బరువు మోయడానికి చేసిన ఫ్రేమ్. ట్రెక్ 720 అనే పాత టూరింగ్ సైకిల్‌లో ఇది 47 దాకా ఉండేది. 41 దగ్గర ఉంటే వెనక బ్యాగులు తగిలించినప్పుడు మడమలు వాటికి కొట్టుకుంటాయి. ఇది సర్దుకుపోయే చిన్న విషయం కాదు, రోజంతా తొక్కితే ప్రతి పెడల్‌కీ తెలుస్తుంది.

బ్రేకుల సంగతి కాస్త నిదానంగా చదువు. నీలాగా రకరకాలుగా కట్టుకోవాలనుకునేవాడికి అసలు కిటుకు ఇక్కడే ఉంది. పాత టూరింగ్ ఫ్రేముల్లో చాలావాటికి కాంటిలీవర్ బ్రేకుల (రిమ్‌కి రెండు వైపులా విడివిడిగా చేతులుండే బ్రేకుల) కోసం ఫోర్క్‌కీ, సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే గొట్టాలకీ చిన్న పిలకలు అతికించి ఉంటాయి. అవి చూడగానే ముచ్చటేస్తుంది, బ్రేకు కూడా గట్టిగా పడుతుంది. కానీ ఆ పిలకలు ఒక్క చక్రం సైజుకే సరిపోయేలా పెడతారు. 1980ల మొదట్లో చాలా ఫ్రేములు 27 అంగుళాల చక్రానికి చేసేవారు. దాని రిమ్ వ్యాసం 630 మిల్లీమీటర్లు, ఇప్పటి 700సి అనే సైజు చక్రం రిమ్‌ది 622. అంటే రిమ్ అంచు నాలుగు మిల్లీమీటర్లే కిందికి దిగుతుంది. చాలా బ్రేకుల్లో ప్యాడ్ ఆ మాత్రం కిందికి జరుగుతుంది, పైగా టైరుకి నాలుగు మిల్లీమీటర్లు కలిసొస్తాయి. అదే 650బి చక్రం, అంటే 584, వేసి లావు టైర్లతో తొక్కాలనుకున్నావనుకో, 700సి నుంచి లెక్కేసినా అంచు 19 మిల్లీమీటర్లు దిగిపోతుంది. పిలకల మీది మామూలు బ్రేకు అక్కడికి అందదు. పిలకలు లేకుండా, ఫోర్క్ నడినెత్తిన బోల్టుతో బిగించే బ్రేకు ఉన్న ఫ్రేమ్ అయితే పొడుగు చేతుల బ్రేకు వేసుకోవచ్చు. 55 నుంచి 73 మిల్లీమీటర్ల దాకా అందేవి దొరుకుతాయి. అందుకే చక్రాల సైజులు మార్చి చూడాలన్న ఆశ నీకు నిజంగా ఉంటే, పిలకలు లేవని ఫ్రేమ్‌ని తక్కువ చేసి చూడకు. డిస్క్ బ్రేకు అతికించే ఆలోచన మాత్రం మానుకో. ఆ సన్నటి ఫోర్క్ కాళ్లు ఆ ఒత్తిడికి చేసినవి కావు.

ఇక తిన్నదనం. ఎదురుగా గుద్దుకున్న ఫ్రేమ్ దూరం నుంచి చూస్తే బాగానే కనిపిస్తుంది. హ్యాండిల్ కింద నిలువు గొట్టం దగ్గర, పై గొట్టం అడుగునా, పెడళ్ల వైపు వాలిన గొట్టం అడుగునా వేళ్లతో మెల్లగా తడిమి చూడు. లగ్ (గొట్టాలు కలిసే చోట ఉండే తొడుగు) దాటాక కొద్ది దూరంలో చిన్న ముడత గానీ ఉబ్బు గానీ తగిలినా, అడ్డంగా పెయింటు చిట్లినట్టున్నా అక్కడే వదిలేసి వచ్చెయ్. బేరం ఎంత బాగున్నా సరే. ఫోర్క్‌ని పక్క నుంచి చూడు. కాళ్ల పైభాగం, నిలువు గొట్టం ఒకే గీతలో సాగి, ఆ తర్వాతే కాళ్లు ముందుకి వంగాలి. వెనక్కి నెట్టినట్టుంటే అది దెబ్బే. తర్వాత ఒక దారం తీసుకుని వెనక ఇరుసు కూర్చునే చోట ఒక పక్క కట్టి, ముందు నిలువు గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్కకి తెచ్చి బిగించి కట్టు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు వైపులా కొలువు. ఒకటో రెండో మిల్లీమీటర్ల తేడాని పట్టించుకోనక్కర్లేదు, అంతకంటే ఎక్కువైతే వెనక భాగం పక్కకి వంగిందన్నమాట. స్టీల్ కాబట్టి తెలిసినవాళ్లు సరిచేయగలరు, కానీ ఆ ఖర్చు బేరంలో తగ్గాలి.

వెనక ఇరుసు వెడల్పు నీకు మరీ టెన్షన్ పెట్టక్కర్లేదు. ఆరేడు గేర్ల కాలపు ఫ్రేముల్లో 126 మిల్లీమీటర్లుంటుంది. 130 హబ్ (చక్రం నడుమ ఇరుసుండే భాగం) చేత్తో కాస్త లాగితే కూర్చుంటుంది. 135 కావాలంటే ఒక్కో వైపు నాలుగున్నర మిల్లీమీటర్లు వంచి స్థిరంగా నిలపాలి. అది అనుభవమున్నవాళ్ల చేత చేయించు, ఆ తర్వాత ఇరుసు కూర్చునే రెండు చివరలూ సమాంతరంగా ఉన్నాయో లేదో చూడమను. ఈ పని స్టీల్ ఫ్రేమ్‌తోనే చెయ్యాలి, అల్యూమినియంతో చెయ్యకూడదు.

మరల విషయంలో నేను పక్షపాతినే. పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం 68 మిల్లీమీటర్ల వెడల్పుండి, ఇంగ్లిష్ మరలున్నవే వెతుకు. చైను వైపు ఎడమ మర (అపసవ్యంగా తిప్పితే బిగుసుకునేది) ఉంటుంది, ఈ రోజుకీ అన్ని భాగాలూ సులువుగా దొరుకుతాయి. ఇటాలియన్‌ది 70 మిల్లీమీటర్లు, రెండు వైపులా కుడి మరే, భాగాలు దొరుకుతాయి గానీ చైను వైపు కప్పు వదులయ్యే గుణం దానికుంది. పాత ఫ్రెంచ్ ఫ్రేములు ఎంతో అందంగా ఉంటాయి, వాటి కొలతలు మాత్రం వేరు. హ్యాండిల్ కాడ కూడా 22.2 బదులు 22.0. నీ మొదటి ఫ్రేమ్‌కి ఆ తలనొప్పి వద్దు.

సీటు పోస్టు, హ్యాండిల్ కాడ రెండూ నీ ముందే కదిలించి చూపించమని అడుగు. మొహమాటపడకు. అల్యూమినియం పోస్టు స్టీల్ గొట్టంలో ఏళ్ల తరబడి కదలకుండా ఉంటే రెండూ పట్టేసుకుంటాయి. విడదీయడానికి రోజులు పట్టొచ్చు, ఒక్కోసారి ఫ్రేమే పోవచ్చు. పోస్టు బయటికి వచ్చాక దాని మీద అంకె చదువు. 27.2 అని ఉంటే సాధారణంగా పలచటి గోడల మంచి గొట్టం అన్నమాట. 26 దగ్గరో ఇంకా తక్కువో ఉంటే గోడలు మందంగా ఉన్నాయని అనుమానించొచ్చు. ఊడిపోయిన స్టిక్కర్ చెప్పలేనిది ఈ అంకె చాలావరకు చెబుతుంది. లోపలికి టార్చి వేసి తుప్పు కూడా చూడు. పైపైన గోధుమరంగు మచ్చలుంటే ఫరవాలేదు. పెయింటు బుడగలుగా లేచి, నొక్కితే పెళుసుగా రాలుతుంటే వద్దు.

ఇప్పుడు స్టిక్కర్. రేనాల్డ్స్ 531 1935 నుంచీ ఉంది, దానికి ఆ పేరు ఊరికే రాలేదు. కానీ స్టిక్కర్ మీద గొట్టాలతో పాటు ఫోర్క్, వెనక గొట్టాలు కూడా అదే రకమని రాసుందా, మూడు ముఖ్య గొట్టాలే అని రాసుందా చదువు. రెంటికీ చాలా తేడా ఉంది. ఇంకో సంగతి. ఏ స్టీల్ అయినా వంగే గుణం దాదాపు ఒకటే. ఖరీదైన స్టీల్‌కి బలం ఎక్కువ కాబట్టి గోడని పలచగా చేయగలుగుతారు, అంతే. బరువు మోసే సైకిల్‌కి మరీ పలచటి గొట్టం నేను కోరుకోను. నిండు బ్యాగులతో దిగువకి పోతుంటే హ్యాండిల్ వణుకుతుంది. టాంగే నంబర్ 2 లాంటి మధ్యరకం, గోడ మందం చివర్లలో 0.9, మధ్యలో 0.6 మిల్లీమీటర్లు, నీ పనికి చక్కగా సరిపోతుంది.

మియాటా 1000, ట్రెక్ 520, స్పెషలైజ్డ్ ఎక్స్‌పెడిషన్, డాస్ గెలాక్సీ, ఇవన్నీ పేరున్నవి. పేరుతో పాటు ధర కూడా పెరిగిపోయింది. మియాటా 610 లాంటి ఒక మెట్టు కిందివి, పేరు తెలియని టూరింగ్ ఫ్రేములు చూడు. ఏవీ దొరక్కపోతే 1980ల చివరి, 1990ల మొదటి మౌంటెన్ బైకుల్లో ముందు స్ప్రింగు లేని క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీల్) ఫ్రేమ్ చూడు. 26 అంగుళాల చక్రం, పొడుగు వెనక భాగం, క్యారియర్‌కి బోల్టు రంధ్రాలు, లావు టైర్లకి బోలెడు చోటు ఉంటాయి. నా లెక్కలో టూరింగ్‌కి అవేమీ తీసిపోవు.

సైజు గురించి ఒక్క ముక్క. సీటు గొట్టం కొలత కంటే పై గొట్టం పొడవు నీకు సరిపోవడం ముఖ్యం. నీ పాత సైకిల్ మీద అది కొలిచి పెట్టుకో.

కొన్నాక, భాగాలు బిగించే ముందే గొట్టాల లోపల తుప్పు పట్టకుండా పూత వేయించు. అవిసె నూనె వాడితే, తుడిచిన గుడ్డలు ఉండచుట్టి పడేయకు, వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి పరిచి ఆరబెట్టు.

డబ్బిచ్చే ముందు వెనక గొట్టాల కొలతలు, ముందు లగ్‌ల అడుగు ఫోటోలు, పోస్టు మీది అంకె నాకు పంపు. రాత్రిపూటైనా ఫరవాలేదు, చూసి చెబుతాను.

నీ మామయ్య