బీరు తయారీలో చేరుతున్న మేనల్లుడికి

అల్లుడూ,

హైదరాబాద్‌లో మైక్రోబ్రూవరీలో, అంటే బీరు అక్కడే చేసి అక్కడే పోసే చోట, చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఆమెకు టెన్షన్, నాకు సంతోషం. ఇన్నేళ్లు ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కొన్ని సంగతులు రాస్తున్నా.

ముందే మామిడిపండు బీరు, కాఫీ బీరు జోలికి పోకు. ఒక పాత రకం పట్టుకో. పిల్స్‌నర్ అయితే మంచిది. 1842లో, ఇప్పటి చెక్ దేశంలోని పిల్సెన్ ఊళ్లో, యోసెఫ్ గ్రోల్ అనే బీరు తయారీదారు మొదలుపెట్టిన బీరు అది. మాల్టు (మొలకెత్తించి ఆరబెట్టిన గింజలు), హాప్స్ (చేదునిచ్చే పూలు), ఈస్టు (పులియబెట్టే సూక్ష్మజీవి), నీళ్లు, అంతే. ఎక్కడ తేడా వచ్చినా మొదటి గుక్కలోనే తెలిసిపోతుంది. పండ్ల రసం పోస్తే తప్పు కనబడదు, నీకు పని రాదు.

నీళ్ల గురించి నల్లగొండవాళ్లకు ఒకరు చెప్పాలా? మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ ఏం చేసిందో చూస్తూ పెరిగావు. మరిగించినా అది పోదు. పిల్సెన్ నీళ్లలో లవణాలు చాలా తక్కువ, అందుకే ఆ బీరు అంత మెత్తగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ, అక్కడ పేల్ ఏల్ అనే చేదు బీరు కుదిరింది. నువ్వు లవణాలు వడకట్టేసిన ఆర్వో నీళ్లు తీసుకుని, ఏ రకానికి ఎంత కాల్షియం కావాలో తూకం వేసి కలుపు. అంచనాగా వెయ్యకు.

పిల్స్‌నర్ 10 డిగ్రీల దగ్గర పులవాలి, తర్వాత సున్నాకు దగ్గరగా కొన్ని వారాలు నిలవాలి. శనివారం రష్ ఉంది, ట్యాంకు ఖాళీ చెయ్యమని ఓనర్ తొందరపెడతాడు. గొడవ పడకు. పక్క ట్యాంకులో జర్మనీలోని బవేరియా రకం గోధుమ బీరు పెట్టు. అందులో సగానికి తగ్గకుండా గోధుమ మాల్టు ఉండాలి. అరటిపండు, లవంగం వాసన ఈస్టే ఇస్తుంది. రెండు మూడు వారాల్లో గ్లాసులోకి వస్తుంది, పిల్స్‌నర్‌కు టైమ్ దొరుకుతుంది.

రోజులో ఎక్కువ భాగం ట్యాంకులు కడగడమే, లేకపోతే బయటి ఈస్టు చేరుతుంది. మా నాయన లొట్టికి సున్నం పూసి నీరా దించేవాడు. పూయకపోతే చెట్టు మీదే పులిసేది. కనిపించని ఈస్టు ఎంత పని చేస్తుందో మన ఇంట్లో అందరికీ తెలుసు. బెల్జియంలో బ్రసెల్స్ దగ్గర లాంబిక్ అనే బీరును గాలిలోని ఈస్టుకే వదిలేస్తారు, కానీ దానికి ఏళ్ల ఓపిక కావాలి. నీ ట్యాంకులోకి మాత్రం ఆ గాలి ఈస్టును రానివ్వకు.

ట్యాంకులు కడిగే కాస్టిక్ సోడా ముట్టుకునేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. ఖాళీ ట్యాంకులో తల పెట్టకు, కార్బన్ డయాక్సైడ్ అడుగున నిలిచి మనిషిని క్షణాల్లో పడేస్తుంది. ఇది మాత్రం మర్చిపోకు, నాయనా.

బెర్లిన్‌లో బీరు తయారీ కోర్సు కోసం ఇప్పుడే అప్పు చెయ్యకు. ముందు రెండేళ్లు పని చెయ్యి. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ మామ