బైక్ కదిపినా బజర్ మోగట్లేదు, ఎందుకు?

ప్రశ్న: సార్, ఆర్డుయినో ఊనో (కోడ్ రాసి నడిపే చిన్న బోర్డు)కి ఎస్‌డబ్ల్యూ-420 వైబ్రేషన్ సెన్సార్ పెట్టి బైక్ అలారం చేస్తున్నా. గట్టిగా కదిపినా ఒక్కోసారి బజర్ మోగట్లేదు, సెన్సార్ పోయిందంటారా?

జవాబు: ఎక్కువగా తేడా కోడ్‌లోనే ఉంటుందండీ. సెన్సార్ మీదున్న చిన్న గొట్టంలో ఉండేది ఒక స్విచ్చే, కదలనంతసేపు కలిసే ఉంటుంది, ఊపు తగలగానే క్షణంపాటు విడిపోతుంది, అది చూసి ఎల్ఎం393 కంపారేటర్ (వోల్టేజీలను పోల్చే చిప్) అవుట్‌పుట్‌ని హై, అంటే వోల్టేజ్ ఉన్న స్థితికి, చేస్తుంది. ఆ పల్స్ (క్షణకాలపు సిగ్నల్) మరీ పొట్టిది, మీ కోడ్ అప్పుడు డిలేలో, అంటే ఆగి ఎదురుచూస్తూ, ఉంటే మిస్సయిపోతుంది. వైరు 2వ పిన్‌కి మార్చి ఇంటరప్ట్ (సిగ్నల్ రాగానే చేస్తున్న పని ఆపి స్పందించే పద్ధతి) వాడండి, ఒక్క పల్స్ వచ్చినా బజర్ 5 సెకన్లు మోగేలా రాయండి. దెబ్బ ఎంత గట్టిదో మాత్రం ఈ సెన్సార్ చెప్పలేదు, అది కావాలంటే పీజో డిస్క్ (దెబ్బ తగిలితే వోల్టేజ్ ఇచ్చే చిన్న బిళ్ళ) తీసుకుని, దానికి ప్యారలల్‌గా 1 మెగాఓమ్ రెసిస్టర్ పెట్టి అనలాగ్ పిన్‌లో (వోల్టేజ్ ఎంతో కొలిచే పిన్) చదవండి.