వాటర్ ఫిల్టర్ మార్చడానికి అప్పు చేయాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఉప్పల్. ఇద్దరి జీతాలూ కలిపి 58,000, ఖర్చులు పోను 5,000 దాకా మిగులుతుంది. పొదుపంటూ ఏమీ లేదు. కార్డు బాకీ 46,000 ఉంది, నెలకు మినిమం 2,300 కడుతున్నాం. మా ఆర్‌ఓ మెషీన్ కొని నాలుగేళ్లయింది, నీళ్లు సన్నగా వస్తున్నాయి. మెంబ్రేన్‌కు 2,800, మిగతా ఫిల్టర్లకు 1,900 అవుతుందని, అంతకన్నా 17,500 పెట్టి ఈఎంఐలో కొత్తది తీసుకోమని టెక్నీషియన్ అంటున్నాడు. కార్డు మీద తీసుకోవాలా, లోన్ యాప్‌లోనా?

జవాబు: రెండూ వద్దండి. ఫ్రిజ్ రిపేరు, బండి టైర్లు, ఇన్వర్టర్ బ్యాటరీ... ఏ వస్తువైనా చాలా ఇళ్లలో జరిగే తప్పు ఇదే. వస్తుందని ముందే తెలిసిన ఖర్చును ఆపదలా చూసి అప్పుకు పరుగెత్తుతాం. మట్టిని ఆపే సెడిమెంట్, వాసన తీసే కార్బన్ ఫిల్టర్లు ఆరు నెలల నుంచి ఏడాదిలోపు మార్చాల్సినవే, బోరు నీళ్లయితే ఇంకా ముందే. నీళ్లలో కరిగిన ఉప్పులను వడకట్టే పొర, అంటే మెంబ్రేన్, సాధారణంగా రెండు మూడేళ్లు వస్తుంది.

నీళ్లు సన్నగా రావడానికి చాలాసార్లు మూసుకుపోయిన సెడిమెంట్ ఫిల్టరే కారణం, కాబట్టి ముందు ఆ 1,900 పని ఈ నెల మిగులులోంచే చేయించండి. తర్వాత కొన్ని వందలకే దొరికే టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగిన లవణాలు ఎన్ని ఉన్నాయో చూపేది) నల్లా నీళ్లు, మెషీన్ నీళ్లు రెండూ చూడండి. లోపలికి 900 వెళ్లి బయటికి 100 లోపు వస్తుంటే మెంబ్రేన్ బాగున్నట్టే. 300 వస్తుంటే, శుద్ధి చేసిన నీళ్లలో కొన్ని మామూలు నీళ్లు కలిపే టీడీఎస్ కంట్రోలర్ ఎక్కువ తిప్పి లేకపోతే, అది పోయినట్టే. అలాగైతే వచ్చే నెల మార్చండి, అప్పటిదాకా క్యాన్ నీళ్లు తాగండి. నల్లా నీళ్లే 500 లోపు ఉంటే అసలు ఆర్‌ఓ అవసరమేమిటో ఆ టెక్నీషియన్‌నే అడగండి. నీళ్లలో రెండు కడ్డీలు పెట్టి కరెంటిచ్చి ఎర్రగా మార్చి చూపిస్తే భయపడకండి, ఆ రంగు కడ్డీలోని ఇనుముది.

ఇక కార్డు. నెలకు 3.5 శాతం చొప్పున 46,000 మీద వడ్డీయే 1,610, దాని మీద జీఎస్టీ కలిపితే 1,900. అంటే మీరు కట్టే 2,300లో అసలుకు పోయేది 400 మాత్రమే! పైగా బాకీ మిగిలున్న కార్డు మీద కొత్తగా ఏం కొన్నా వడ్డీలేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే లెక్క మొదలు. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ మీ నెత్తినే పడతాయి. లోన్ యాప్ సంగతి నన్ను అడగనే వద్దు, ఫోన్‌లో ఉంటే ఇప్పుడే తీసేయండి.

నాకు అన్నిటికన్నా భయం వేసింది మీరు మామూలుగా రాసేసిన ‘పొదుపంటూ ఏమీ లేదు’ అన్న మాట చూసి. రేపు ఇద్దరిలో ఒకరి జీతం రెండు నెలలు ఆగితే అద్దె ఎక్కడి నుంచి కడతారు? ఫిల్టర్ల పని అయిపోయిన నెల నుంచి జీతం పడిన రోజే 3,000 వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్లేలా పెట్టండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు. అది 25,000 అయ్యేదాకా కదిలించవద్దు, తర్వాత మిగులంతా కార్డు బాకీకే కట్టండి, బాకీ తీరాక ఈ నిధిని మూడు నెలల ఖర్చుకు పెంచండి. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టి కార్డు తీర్చడం వడ్డీ లెక్కన మేలే, కార్డు మళ్లీ గీకనని మాటిస్తేనే.

ఫిల్టర్లకు మాత్రం ఈ నిధిలోంచి తీయకండి. నెలకు 300 విడిగా పక్కన పెడితే వచ్చే ఏడాది ఫిల్టర్లకు, ఆ తర్వాత మెంబ్రేన్‌కు సరిపోతుంది.